హారనమ్మ ఇంటి తనిఖీ

మా అక్కకు కోపం వస్తే ముందు వీధికి తెలుస్తుంది, ఆ తర్వాతే ఆమెకు తెలుస్తుంది. కారు నేర్పించడం ఆమె పని. పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని, కిటికీ అద్దం దించి, "క్లచ్చు అన్నాను, క్లచ్చు! ఎడమ కాలు ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అని అరిచిందంటే అటువైపు మందుల షాపువాడు తలెత్తి చూస్తాడు. నేర్చుకునేవాళ్ళు ఆమెకు హారనమ్మ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలిసీ ఊరుకుంటుంది. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు పరీక్ష తప్పరు మరి. కడుపునిండా తిట్లు తింటారు, లైసెన్సు తెచ్చుకుంటారు, ఆపైన చెల్లెల్నో తమ్ముణ్నో వెంటబెట్టుకుని మళ్ళీ ఆమె దగ్గరికే వస్తారు.

ఆ డ్రైవింగ్ స్కూల్లో బల్ల ముందు కూర్చునేదాన్ని నేను. ఫోనెత్తడం, ఎవరికి ఏ వేళ కుదురుతుందో చూడటం, కారు దిగి కళ్ళు తుడుచుకునేవాళ్ళకు మంచినీళ్ళివ్వడం నా పని. నా నోరూ తక్కువదేం కాదు. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళం, గొంతులు వేరుగా ఎందుకుంటాయి? కాబట్టి ఈ సంగతి నేను చెబుతుంటే కాస్త గట్టిగానే వినిపిస్తుంది, సర్దుకోండి.

అక్కకూ బావకూ పిల్లలు పుట్టలేదు. దానికోసం మింగాల్సిన మందులన్నీ మింగి, ఏడవాల్సిన ఏడుపులన్నీ ఏడ్చి, ఆ మాటే ఎత్తడం మానేసి చాలాకాలమైంది. అలాంటిది ఒకసారి, అనాథ పిల్లల హోంలో రోడ్డు దాటడం నేర్పమని మా స్కూలుకు కబురొస్తే ఇద్దరం వెళ్ళాం. ముంగిట్లో సుద్దతో రోడ్డు గీసి అక్క చెబుతోంది. ముందు వరసలో ఏడేళ్ళ పిల్ల ఒకతి చెయ్యెత్తింది.

"ఎర్రలైటు పడితే అంబులెన్సు కూడా ఆగాలా?"

"అక్కర్లేదు, అది వెళ్ళిపోవచ్చు."

"లోపల పేషెంటు లేకపోతే?"

"అప్పుడు ఆగాలి."

"లోపల లేరని పోలీసుకి ఎట్లా తెలుస్తుంది?"

అక్క నోరు తెరిచి, మళ్ళీ మూసింది. అలాంటి దృశ్యం చూడటం నా జీవితంలో అదే మొదటిసారి. హోం వార్డెను మొహమాటంగా నవ్వి, "దీన్ని మేం వసపిట్ట అంటాం మేడం. దీని నోట్లో నువ్వుగింజ నానదు," అంది. తిరిగొచ్చేటప్పుడు కారులో అక్క ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ముందు వెళ్తున్న వ్యాను చెయ్యి చూపకుండా పక్కకు తిరిగినా తిట్టలేదు. నాకు భయమేసింది. స్కూలు ముందు బండి ఆపి, తాళం తీసి చేతిలో పట్టుకుని, "ఆ పిల్లని మనింటికి తెచ్చుకుంటానే," అంది.

బావ కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. పనికి తగ్గట్టే మనిషీ, ఏ మాటైనా నాలుగుసార్లు తిప్పి చూసుకుని గానీ బయటపెట్టడు. అక్క అడిగింది విని కొన్నాళ్ళు ఆలోచించాడు. ఆ కొన్నాళ్ళూ అక్క కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. చివరికి ఆయన, "సరే తెచ్చుకుందాం. కానీ ఊరికే ఇవ్వరట. ఆఫీసరొచ్చి ఇల్లు చూస్తారట, మనుషుల్ని చూస్తారట. మన నోళ్ళు చూశాక ఇస్తారా?" అన్నాడు.

"పరీక్షే కదండీ! పరీక్ష పాస్ చేయించడమేగా నేను తినే తిండి," అంది అక్క.

అక్కడే వచ్చింది తంటా అంతా. మా వృత్తిలో ఒక చాటు సంగతి ఉంది, చెబితే మా స్కూలు పరువు పోతుందేమో, పోనివ్వండి. పరీక్ష పెట్టే ఆయన ఎప్పుడూ ఒకే దారిలో తిప్పుతాడు. పోస్టాఫీసు దగ్గర ఎడమకి, ఆస్పత్రి పక్క ఎత్తులో ఆపి మళ్ళీ కదిలించడం, పార్కు గోడవారగా వెనక్కి. మేం నేర్పేది కారు నడపడం అనుకుంటారు జనం. కాదు, మేం నేర్పేది ఆ దారి. కళ్ళు మూసుకుని కూడా నడిపేస్తారు, ఆ దారిలో అయితే. ఒకావిడ మా దగ్గర పాసై, మర్నాడు అటుపక్క పేటకు వెళ్ళి, రౌండబౌటులోంచి ఎలా బయటపడాలో తెలియక గిరగిరా తిరుగుతూ తిరుగుతూ నాకే ఫోన్ చేసింది.

అక్క ఇల్లంతటికీ అలాంటి పరీక్ష దారి ఒకటి గీసింది. పిల్లల్ని తెచ్చుకున్న దంపతులు ఎక్కడ కనబడితే అక్కడ పట్టుకుని, ఏమేం చూశారు, ఏమేం అడిగారు అని ఆరా తీసింది. కరెంటు ప్లగ్గులన్నిటికీ మూతలు బిగించింది. బల్లల మూలలకు స్పాంజి అంటించింది. మెట్ల దగ్గర చిన్న గేటు పెట్టించింది.

"అక్కా, పిల్లకి ఏడేళ్ళు. పాకుతూ వెళ్ళి ప్లగ్గులో వేలు పెట్టదు. ఆ ప్లగ్గు ఎలా పనిచేస్తుందో మనల్నే అడిగి చంపుతుంది," అన్నాను.

"నీకేం తెలుసు, నోర్మూసుకుని ఆ టేపు పట్టుకో!"

కత్తులన్నీ తీసి ఎవరికీ అందనంత ఎత్తులో పెట్టింది. ఆ తర్వాత ఎక్కడ పెట్టిందో తనకే గుర్తు రాక కొన్నాళ్ళు ఆ ఇంట్లో ఉల్లిపాయలు కోయకుండానే వంట సాగింది. బావ వాళ్ళమ్మ కూడా ఆ ఇంట్లోనే ఉంటుంది. అక్క అత్తయ్యా అంటుంది గనక నేనూ అత్తయ్యగారూ అంటాను. ఆవిడ బీపీ మాత్రల్ని కూడా ఎక్కడో భద్రంగా దాచేసింది అక్క. "పిల్లకి అందకూడదని దాచావు, బాగానే ఉందమ్మాయ్. నాకు అందకపోతే ఎలా? పిల్ల వచ్చేలోపు నన్ను పంపించేస్తావా ఏంటి?" అని ఆవిడ అల్మారాలన్నీ తడుముతూ తిరిగేది.

పిల్ల గదికి రంగు వేయించింది. అది ఆరకముందే నచ్చలేదని ఇంకో రంగు. బావ కిక్కురుమనకుండా రెండుసార్లు మంచం లాగాడు. మూడోసారి లాగమంటే మంచం మీద కూర్చుండిపోయి, "ఏమోయ్, ఆ పిల్ల ఈ గోడల్ని చూడ్డానికొస్తుందా, మనల్ని చూడ్డానికొస్తుందా?" అన్నాడు. అక్క వినిపించుకోలేదు. కిటికీ గడియ పట్టుకుని లాగి చూస్తోంది, అంతకుముందు రోజే లాగి చూసిన గడియే అది.

ఇల్లు ఒక కొలిక్కి వచ్చాక మనుషుల మీద పడింది. సాయంకాలం స్కూలు మూసి ఇంటికి రాగానే పరీక్ష మొదలు. నేను ఆఫీసరమ్మని. బావ షాపు నుంచి తెచ్చిన ఖాళీ ఫ్రేము ఒకటి కళ్ళకు పెట్టుకుని, కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేదాన్ని. ఆ వేషం నాకు బాగానే నచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి?

"చెప్పండి. పాప తప్పు చేస్తే ఏం చేస్తారు?"

"ఏముంది, చూసీ చూడనట్టు..." అని బావ మొదలుపెట్టేవాడు.

"కాదండీ!" అని అక్క అందుకునేది. "కోప్పడం. పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా వివరిస్తాం. చెప్పండి."

"కోప్పడం. పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా వివరిస్తాం."

"అత్తయ్యా, మీరు?"

"నా కొడుకు చిన్నప్పుడు తప్పు చేస్తే వీపు విమానం మోత మోగించేదాన్ని," అని ముసలావిడ నిజాయితీగా చెప్పింది.

అక్క తలబట్టుకుంది. చివరికి ఆవిడకూ అదే మాట నేర్పింది. మంచినీళ్ళడిగినా సరే "పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా వివరిస్తాం" అని ముందు ఆ మాటే వచ్చేదాకా నేర్పింది. "బావా, ఇంతకీ నిన్ను మా అక్క ఎప్పుడైనా పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా వివరించిందా?" అని నేనడిగితే ఆయన గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు.

అసలు గండం అక్క గొంతే. ఇంట్లో అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆఫీసరమ్మ ఎదుట ఆ గొంతు ఒక్కసారి లేచిందంటే పిల్ల చేజారినట్టే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అంటారు గదా, మరి పిల్లకోసం ఆ మాత్రం చేయలేనా అని పంతం పట్టి, మెల్లగా మాట్లాడటం సాధన మొదలుపెట్టింది. ఇంట్లోనే కాదు, కారులో కూడా. అది వింటుంటే గొంతునొప్పి వచ్చిన మనిషి దేవుడికి మొక్కుకుంటున్నట్టు ఉండేది. నేర్చుకునేవాళ్ళు బెదిరిపోయారు. ఒకతను మా బల్ల దగ్గరికొచ్చి, "మేడంగారికి ఒంట్లో ఎలా ఉందండీ? ఏదన్నా పెద్ద జబ్బా?" అని పళ్ళు ఇచ్చి వెళ్ళాడు. ఇంకొకావిడకు "బ్రేకు" అన్న మాట సన్నగా చెబితే వినపడలేదు, గొంతు అదుపులో పెట్టే ధ్యాసలో అక్క తన కాలి కింది బ్రేకు నొక్కడం మరిచింది, బండి వెళ్ళి పార్కు ముందున్న చెత్తడబ్బాను గుద్దేసింది. అక్క కారు దిగి, నలిగిన బంపరు చూసి, పెదవులు బిగబట్టి, "ఫరవాలేదమ్మా, నెమ్మదిగా వివరిస్తాను," అంది. ఆవిడ భయంతో ఏడ్చేసింది.

నిద్ర లేదు, తిండి సరిగా లేదు. అన్నం ముందు కూర్చున్నా ఒక కన్ను మెట్ల గేటు మీదే. గేటు సరిగ్గా పడలేదని లేచి వెళ్ళేది, పడిందని చూసి వచ్చేది, మళ్ళీ లేచేది. "కూర్చోవే తల్లీ, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అని అత్తయ్యగారు బతిమాలేది. ఒకరోజు బల్ల తుడుస్తూ తుడుస్తూ గుడ్డ పక్కన పడేసి, "ఇవ్వకపోతే?" అంది నాతో. "ఇవ్వకపోతే ఆ పిల్ల అక్కడే ఉంటుందే. పెద్దపిల్లల్ని ఎవరూ అడగరట. అందరికీ ఊయల్లో పిల్లలే కావాలట." "ఇస్తారు, ఎందుకివ్వరు?" అని కసిరాను. కసరకపోతే నేనూ ఏడ్చేదాన్ని.

ఆఫీసరమ్మ రానే వచ్చింది. నేను వేసిన వేషానికీ ఆవిడకూ పోలికే లేదు. నడివయసు మనిషి, చెప్పులు అరిగిపోయి ఉన్నాయి, మెట్లెక్కి ఆయాసపడుతోంది. గేటు తీయడం ఆవిడకు చేతకాలేదు. నాకూ చేతకాలేదు. బావ వచ్చి తీశాడు. గదులన్నీ చూసింది. ప్లగ్గు మూతలు చూసింది, స్పాంజీలు చూసింది, పిల్ల గది గడపలో కాసేపు నిలబడింది. బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు. ఆ తర్వాత మా ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచి మాట్లాడింది. ముందు అక్క, తర్వాత బావ, అత్తయ్యగారు, చివరికి నేను. రోజూ వచ్చిపోయే మనిషిని గనక నన్నూ అడగాలట.

నా వంతు వచ్చినప్పుడు నేను బాగానే చెప్పాననుకున్నాను. పరీక్ష దారిలో ఒక్క మలుపు కూడా తప్పలేదు.

అందర్నీ మళ్ళీ ముందుగదిలో కూర్చోబెట్టింది ఆవిడ. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని, బొమ్మల కొలువులో బొమ్మలా కూర్చుంది.

"మీ నలుగుర్నీ ఒకటే అడిగాను, పాప తప్పు చేస్తే ఏం చేస్తారని," అంది ఆఫీసరమ్మ. "నలుగురూ ఒకటే చెప్పారు. అక్షరం పొల్లుపోలేదు."

బావ తేలు కుట్టిన దొంగలా నేల చూశాడు. అత్తయ్యగారు మాత్రం మెప్పనుకుని, "అవునమ్మా, పక్కన కూర్చోబెట్టుకుని..." అని మళ్ళీ మొదలుపెట్టింది. నేను ఆవిడ చెయ్యి నొక్కాను.

"మీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది," అంది ఆఫీసరమ్మ. "ఆ పాపని ఇంతకుముందు ఒకింటికి పంపాం. చాలా మంచి ఇల్లు. అంతా ఇలాగే ఉంది. వాళ్ళూ ఇలాగే, ఎంతో నెమ్మదిగా, అన్నీ సరైన సమాధానాలే చెప్పారు. ఆర్నెల్లు తిరక్కుండానే తెచ్చి హోం గేటు దగ్గర దింపి వెళ్ళిపోయారు."

"ఎందుకమ్మా?" అంది అత్తయ్యగారు.

"కావాలని పాడుపనులు చేస్తోందట. ఎంత నెమ్మదిగా చెప్పినా వినట్లేదట."

నేను అక్కవైపు చూశాను. ఆమె మెడ దగ్గర నరం లేచింది. అయిపోయింది అనుకున్నాను.

"దింపి వెళ్ళిపోయారా?" అంది అక్క. మెల్లగానే అంది, కానీ ఆ మెల్లదనం అంతటితో సరి. "తెచ్చి దింపేసి వెళ్ళిపోయారా? ఏమనుకున్నారు దాన్ని, కొట్లో కొన్న చెప్పులనుకున్నారా, కాలికి పట్టలేదని వాపసిచ్చి రావడానికి? ఎవరు వాళ్ళు? ఎక్కడుంటారు? సిగ్గూశరం లేదూ? పాడుపనులు చేస్తోందట పాడుపనులు! ఏడేళ్ళ పిల్ల పాడుపనులు చేయక పద్దులు రాస్తుందా?"

"ఏమోయ్, కాస్త నెమ్మది..." అన్నాడు బావ.

"మీరు ఊరుకోండి! నెమ్మది నెమ్మది అని నా ప్రాణం తీశారు!"

"నేనా తీసింది?" బావ లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు ఆరోజు దాకా తెలియదు. "నేను ముందే అన్నాను, మన నోళ్ళు మనకుంటాయి, దాచి ఏం లాభమని! నువ్వు విన్నావా? ఇంటికి సున్నం, మనుషులకి సున్నం!"

"పనిలో పని, నా మాత్రలెక్కడ పెట్టావో చెప్పమ్మాయ్," అంది అత్తయ్యగారు. "ఈ గొడవలో నాకు కావాలి."

"ఇంతకీ మీకు పిల్ల కావాలా వద్దా? అది చెప్పండి ముందు!" అని అక్క బావ మీదికి వెళ్ళింది.

బావ నాలుగుసార్లు తిప్పి చూసుకోలేదు ఆ మాటని. "కావాలి! కావాలి గనకే భయం! తెచ్చుకున్నాక ఆ పిల్లకి మనం నచ్చకపోతే? మనింట్లో మన ముందే కూర్చుని హోంకి పోతానని ఏడిస్తే? అప్పుడేం చేస్తావు, దానికి నేర్పావా నాకు సమాధానం?"

అక్క సోఫా మీద కూలబడి కొంగుతో మొహం కప్పుకుంది. ఆఫీసరమ్మ తన కాగితాలు సర్దుకుంది, చెప్పులేసుకుంది.

"నివేదిక ఇప్పుడే రాయను," అంది గుమ్మంలో నిలబడి. "ఒకరోజు పాపని తీసుకొస్తాను. ఒక పూట ఉంటుంది. అది చూసి రాస్తాను."

ఆవిడ వెళ్ళిన తీరు చూశాక మాకెవరికీ ఆశ మిగల్లేదు. పిల్లని చూపించి లేదనడం కోసమే తెస్తోందని అక్క తీర్మానించేసింది. "నా నోరే, పాడు నోరు, నా నోరే కొంప ముంచింది," అని కొన్నాళ్ళు తనని తానే తిట్టుకుంది. ఆ తర్వాత ఇంకో పిచ్చి పుట్టింది. పిల్ల వచ్చిన పూట అసలు నోరే విప్పదట. నవ్వుతూ కూర్చుంటుందట, అంతే. మాట్లాడాల్సింది మేం ముగ్గురం.

"నువ్వు మూగదానివని రాస్తుంది ఆవిడ," అన్నాను.

"రాసుకోనీ. గయ్యాళిదని రాయడం కంటే మేలు."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఎదురు చెబితే వినే స్థితిలో లేదు. స్కూల్లో పాఠాలు రద్దు చేయించింది. కుర్చీలో కూర్చున్నా కాలు ఆడిస్తూనే ఉండేది. ఫోను మోగితే ఎగిరిపడేది. చివరికి నేను కూడా అలాగే తయారయ్యాను. ఫోనెత్తి "డ్రైవింగ్ స్కూల్" అనబోయి "అక్కా" అన్నాను ఒకసారి.

వాళ్ళు వచ్చిన రోజు ఉదయం నుంచే అక్క నవ్వు మొదలుపెట్టింది. మొహానికి అతికించుకున్నట్టుంది ఆ నవ్వు. తలుపు తీస్తే ఆఫీసరమ్మ, ఆవిడ పక్కన పిల్ల. హోంలో చూసిన పిల్లేనా అనిపించింది నాకు. నోట మాట లేదు. వీపున పెద్ద బట్టల సంచీ, దాని బరువుకు భుజాలు వెనక్కి లాగుతున్నాయి. ఒక పూట ఉండటానికి అంత సంచీ ఎందుకో అర్థం కాలేదు. అత్తయ్యగారు "ఇలా ఇవ్వమ్మా బంగారూ, పక్కన పెడతాను," అని చెయ్యి చాస్తే పిల్ల ఒక్క అంగలో వెనక్కి తగ్గి పట్టీలు గట్టిగా పట్టుకుంది. ఆఫీసరమ్మ వద్దన్నట్టు తలూపింది.

గది చూపించారు. చూసింది. బావ కిటికీ తీసి, కింద వీధిలో మా స్కూలు కారు చూపించాడు. చూసింది. నేను ఏదో జోకు వేశాను, దానికి నాకే నవ్వు రాలేదు. అంబులెన్సు గురించి అక్కనే నిలదీసిన పిల్ల, ఇక్కడికొచ్చి ఒక్కటంటే ఒక్క ప్రశ్న అడగలేదు. అక్క సోఫా మీద నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు వెనక కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయని నాకు తెలుస్తోంది.

భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టాం. సంచీ అడ్డం, వెనక్కి ఆనడానికి లేదు, కుర్చీ అంచున కూర్చుంది. అక్కే లేచి వెళ్ళి పాలు తెచ్చి ముందు పెట్టింది. ఏమీ అనకుండా పక్కనే నిలబడింది. పిల్ల గ్లాసు రెండు చేతులా పట్టుకుంది. తాగలేదు. తలెత్తి అక్క కళ్ళలోకి చూసింది. అలా చూస్తూనే గ్లాసును బల్ల అంచు దాటించి, మెల్లగా, తొణక్కుండా, నేల మీద ఒంపేసింది. చివరి చుక్క దాకా ఒంపి, ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

అక్క నవ్వు కాసేపు మొహం మీదే వేలాడింది. తర్వాత ఊడిపోయింది.

"ఏమే! ఏంటే ఆ పని? కళ్ళు నెత్తికెక్కాయా? తాగాలని లేకపోతే వద్దని చెప్పాలి, నోరుంది కదా, నేలపాలు చేస్తావా?"

వీధి చివర దాకా వినబడి ఉంటుంది. బావ కళ్ళు మూసుకున్నాడు. ఆఫీసరమ్మ కుర్చీలోంచి సగం లేచింది. అక్క అప్పుడు తెలుసుకుంది తన గొంతు సంగతి. నోటి మీద చెయ్యి పెట్టుకుంది, ఇంకేం లాభం?

పిల్ల ఏడవలేదు. అక్కని కింది నుంచి పైకి చూసింది.

"ఇప్పుడు పంపేస్తారా?" అంది.

ఆ ఇంట్లో ఆ పిల్ల మాట్లాడిన మొదటి మాట అది. అడిగిన తీరు చూస్తే భయంతో అడిగినట్టు లేదు, బస్సు ఎన్నింటికని అడిగినట్టుంది. పట్టీలు సర్దుకుని కుర్చీ దిగి నిలబడింది కూడా.

అక్క నోటి మీది చెయ్యి తీసేసింది. "పంపడమా? ఎక్కడికి పంపడం? ఒలకబోసిందెవరు? నువ్వు! నువ్వు వెళ్ళిపోతే ఎవరు తుడుస్తారు, నేనా? బాగానే ఉంది వరస! ఎక్కడికీ పంపేది లేదు. అదిగో, ఆ సింకు కింద గుడ్డ ఉంది, తెచ్చి తుడువు. ఊఁ, నడు!"

పిల్ల కదల్లేదు. "తుడిచాక?"

"తుడిచాక చేతులు కడుక్కుని అన్నం తింటావు. ఇంకేముంటుంది?"

"తిన్నాక మళ్ళీ పారబోస్తే?"

"మళ్ళీ తిడతాను. మళ్ళీ తుడుస్తావు. నాకు ఓపిక లేదనుకుంటున్నావేమో, రోజంతా తిట్టడమే నా ఉద్యోగం!"

పిల్ల బావవైపు చూసింది. బావ, "నిజమే, రోజూ తిడుతుంది," అన్నాడు. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. అత్తయ్యగారు కూడా నిజమేనని తలాడించింది. అప్పుడు పిల్ల వెళ్ళి సింకు కింద వెతికి గుడ్డ తెచ్చింది. సగం లేచిన ఆఫీసరమ్మ మళ్ళీ కూర్చుని, పిల్ల తుడవడానికి వీలుగా కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుంది.

మోకాళ్ళ మీద కూర్చుని తుడవబోతే వీపు మీది సంచీ జారి తల మీదికి వచ్చింది. మోచేత్తో వెనక్కి తోసింది. మళ్ళీ వచ్చింది. ఇంకోసారి తోసి విసుక్కుని, ఒక భుజం తప్పించి, రెండో భుజం తప్పించి సంచీ తీసేసింది. ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూసింది. నేలంతా పాలు. దాన్ని ఎత్తి అక్క చేతుల్లో పెట్టింది.

అక్క దాన్ని బల్ల మీద పెట్టొచ్చు, కుర్చీలో పెట్టొచ్చు. ఎక్కడా పెట్టలేదు. రెండు చేతులా గుండెలకు హత్తుకుని నిలబడింది. పిల్ల తుడుస్తూనే ఉంది.

"బల్ల కింద కూడా పడింది చూడు," అంది అక్క.

"చూశాను. ఆగండి," అని పిల్ల బల్ల కిందికి దూరింది.